సున్నపు బొట్లు

ఇనుప గేటు ముందు తొమ్మిది గొర్రెలు దాహంతో చచ్చిపడి ఉన్నాయి. గేటు దాటి పావుగంట ఎక్కితే ఉదయగిరి కొండమీది దొన. వేసవంతా నీళ్లు నిలిచే ఆ రాతిగుంటే చుట్టుపక్కల మందలన్నింటికీ దిక్కు.

ముసలి కాపరి కామయ్య వంగి ఒక గొర్రె కళ్లు మూశాడు. పక్కనున్న బండమీద సున్నపు బొట్టు కనిపించింది. అది అతని వేలిముద్రే.

కొండమీద దారి అడిగినవాడికి లేదనకూడదన్నది కాపరుల నియమం. అతని నాయన పోతూ పోతూ చెప్పిన మాట కూడా అదే. అందుకే చలికాలంలో సర్వేవాళ్లు వచ్చి అడిగితే, పదకొండు రోజులు వాళ్ల ముందు నడిచి, ప్రతి మలుపులోనూ బొట్టు పెట్టి చూపించాడు. ఆ బొట్ల వెంటే కంచె వచ్చింది. కొండ చూడవచ్చేవాళ్లకు టికెట్టు, మందలకు నిషేధం. పైనున్న పాతకాలపు ఊరి గోడలు గొర్రెలు తొక్కితే కూలతాయన్నాడు కంచె వేసిన కాంట్రాక్టరు. టికెట్ల గది మాత్రం ఆ గోడల రాళ్లతోనే కట్టించాడు.

సాయంత్రం మరో మంద కాచే నాగులమ్మ దొడ్డి దగ్గర జనం కూడారు. ఆత్మకూరు ఆర్డీఓ ఆఫీసుకు పోయి ఇంకో అర్జీ ఇద్దామన్నారు కొందరు. ఇచ్చిన మూడింటికే దిక్కులేదన్నారు మరికొందరు. వింజమూరులో చదివే దివ్యశ్రీ, అర్జీ చేరేలోపు మంద మిగలదంది. మాటా మాటా పెరిగింది. అప్పుడు కామయ్య లేచాడు.

"కంచెకు దారి చూపించింది నేనే. అడిగినారు, చూపించినాను. ఎందుకని అడగలా."

నాగులమ్మ అంది:

"నువ్వొక్కడివేంది మామా, వాళ్లకి మజ్జిగ పోసింది మేము గాదా? తప్పు తలా ఇంత పంచుకుంటే మొయ్యొచ్చులే. నీళ్లు మాత్రం పైనే ఉండాయి."

తెల్లవారేసరికి నాలుగు మందలు, అరవైమంది గేటు ముందున్నారు. పాత గోడలు దేశం సొత్తని, గొర్రెలకేం తెలుసని కాంట్రాక్టరు పెట్టిన మేనేజరు అడ్డం నిలిచాడు.

"ఆ గోడలూ దొడ్లే సామీ," అన్నాడు కామయ్య. "మా మాదిరోళ్లే కట్టుకున్నారు."

జనం గేటును బందులతో సహా ఎత్తి పక్కన పెట్టారు. మంద ఎక్కింది. దివ్యశ్రీ, ఆమె తోటివాళ్లు వెనక వచ్చేవాళ్లకు దారి దొరకకుండా కనబడిన బొట్టుకల్లా మట్టి మెత్తుకుంటూ పోయారు. చలికాలపు నడకతో దెబ్బతిన్న మోకాళ్లు సహకరించక కామయ్య కిందనే ఉండిపోయాడు.

పోలీసు జీపు వచ్చింది. పైన బండల మధ్య మెడగంటలు మోగుతున్నాయి. ప్రతిధ్వనికి ఏ వైపునుంచో తెలియడంలేదు.

"వాళ్లు ఏ దారిన పోయినారో చూపించు పెద్దాయనా," అన్నాడు ఎస్సై, మర్యాదగానే.

ఈ జన్మలో ఆ ప్రశ్నకు అతడు లేదన్నది లేదు. నాయన ముఖం కళ్లముందు మెదిలింది. మంద బతకాలని పుట్టిన నియమం మందనే చంపుతుంటే, ఇన్నాళ్లూ తాను కాపాడింది ధర్మాన్నా, అలవాటునా? కళ్లు తడిశాయి.

ఎస్సై మళ్లీ అడిగాడు. కామయ్య, దారి చూపించకుండా, తనంతట తానే జీపెక్కి కూర్చున్నాడు.

పైన గంటల చప్పుడు ఒక్కొక్కటిగా ఆగుతూ వచ్చింది. గొర్రెలు నీళ్లకు తలలు వంచుతున్నాయి.