లావు తీగ

విల్లు నరం మీద కొయ్యగుండు పడిన ప్రతిసారీ నల్ల ఉన్ని పింజలు పింజలుగా ఎగిరి ఐలేశం మోకాళ్ల మీద, కనుబొమల మీద వాలుతోంది. ఎండ ఇంకా పెరట్లోకి దిగలేదు. పందిరి కింద గోనెసంచి పరచుకుని, ఎడమచేత్తో విల్లు బద్దను పట్టుకుని, కుడిచేత్తో నరాన్ని కొడుతూ మొన్న గొర్రెల మీద కత్తిరించిన ఉన్నిని ఏకుతున్నాడు. నరం జుమ్మని మోగుతుంది. ఆ మోత చల్లారకముందే మళ్లీ దెబ్బ పడుతుంది. మధ్య మధ్య చెయ్యి ఆపి, తల కొంచెం పక్కకు వంచుతాడు. దగ్గు ఆపుకోవడానికి అనుకుంటారు చూసేవాళ్లు. దగ్గు ఉన్నమాట నిజమే. ఏండ్ల ఉన్ని దుమ్ము గుండెల్లో పేరుకుపోయింది. ఈ మధ్య ఎడమ రొమ్ములో ఏదో బరువుగా నొక్కుతోంది కూడా. కానీ అతడు ఆగేది అందుకు కాదు. వినడానికి.

ఆ మోత అడుగున ఇంకొక గొంతు ఉండాలి. అది ఇప్పుడు లేదు.

కొత్తకోటకు కోసెడు దూరంలో ఉన్న ఆ ఊళ్లో, గొర్రెలు కాసే కురుమల వాడలో ఐలేశం లాంటివాళ్లు ఇంటికొకరున్నారు. యాభై దాటిన వయసు, మగ్గం ముందు వంగి వంగి గూని పట్టిన వీపు, గొంగళ్లకు చింతగింజల గంజి పట్టించి పట్టించి నల్లబడిన గోళ్లు, తోలులా బిగుసుకుపోయిన వేళ్ల కొనలు. పంచాయతీలో అతడు మాట్లాడింది లేదు, అతడి మీద ఎవరూ పంచాయతీ పెట్టిందీ లేదు. పదిమందిలో కూర్చుంటే పదకొండోవాడు వచ్చాడని ఎవరికీ తెలియదు.

అతడి భార్య బీరమ్మ ఉన్ని వడికేది. అతడు ఏకుతుంటే గోడకు ఆనుకుని నిలబడి, కదురు తిప్పుతూ, నోరు తెరవకుండా గొంతులోనే ఏదో పాడుకునేది. అందులో మాటలుండేవి కావు. కదురు కిందికి జారుతుంటే గొంతు కిందికి జారేది, నూలు చుట్టడానికి కదురు పైకెత్తితే గొంతూ దానివెంట లేచేది. పోలీసు చర్యకు ముందటేడు ఊరికి కలరా గత్తర వచ్చింది. ఐలేశం అప్పుడు మందను తోలుకుని కృష్ణ అవతల అడవిలో ఉన్నాడు. కబురు అంది, ఇల్లు చేరేసరికి బీరమ్మను పూడ్చిన మట్టికుప్ప మీద గడ్డి మొలకలు కనిపిస్తున్నాయి. పోయేముందు నిన్ను పిలిచిందని పక్కింటివాళ్లు చెప్పారు. ఏమని పిలిచిందంటే ఎవరూ చెప్పలేకపోయారు.

తరువాత చాలాకాలం అతడు ఉన్ని ఏకుతున్నప్పుడల్లా ఆ గొంతు వెనక గోడ దగ్గరనుంచి వినిపించేది. అతడు ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. చూస్తే ఆగిపోతుందని భయం. ఎవరికైనా చెబితే మంత్రగాణ్ణి పిలుస్తారని ఇంకో భయం. ఏడాదికేడాది అది పలచబడుతూ వచ్చి, పోయిన వానకాలంలో పూర్తిగా ఆగిపోయింది. బీరమ్మ గడ్డం మీది అమ్మవారి మచ్చ గుర్తుంది, కదురు పట్టే వేళ్లు గుర్తున్నాయి. గొంతు మాత్రం ఎంత వెతుక్కున్నా దొరకడం లేదు. చచ్చిన మనిషి ఇంట్లో తిరుగుతుంటే జనం జడుసుకుంటారు. ఐలేశానికి, వెళ్లిపోయిందేమోనని జడుపు.

మొన్నటి సంతరోజు కొత్తకోటలో చాయహోటలు ముందు నిలబడ్డప్పుడు రేడియోలో ఏదో వాయించారు. తీగ మీద వేలు జారుతుంటే మోత కూడా జారి, కింద కొంతసేపు తచ్చాడి, మళ్లీ మెల్లగా పైకి లేచింది. అతడి చేతిలో చాయ అలాగే చల్లారిపోయింది. అదేమిటని అడిగితే గిటారు అన్నాడు హోటలాయన. పాలమూరులో గడియారం దగ్గర హార్మోనియాలు బాగుచేసే రామచంద్రయ్య దగ్గర ఉంటాయనీ చెప్పాడు.

ఇప్పుడు కూతురు నర్సింగమ్మ రొట్టె మూట తెచ్చి తండ్రి పక్కన పెట్టింది. అదే ఊళ్లో కాపురం. మొగుడు మందతో పోయినప్పుడల్లా వచ్చి తండ్రికి వండిపెడుతుంది. ఐలేశం లేచి లోపలికి వెళ్లాడు. గొంగడి ఒకటి భుజాన వేసుకుని అతడు బయటికి రావడం చూసి ఆమె ముఖం మారింది.

"గది అమ్మ వడికిన నూలు గద బాపు! గది ఎటు వట్కపోతున్నవ్?"

బీరమ్మ చివరగా వడికిన నూలుండలను అతడు వేపాకు వేసి కుండలో దాచాడు. ఏండ్లపాటు మగ్గం ఎక్కించలేదు. పురుగు పట్టేలా ఉందని ఈ చలికాలంలోనే నేశాడు. ఇంతవరకు ఎవరూ కప్పుకోలేదు.

"పాలమూరు పోతున్న. గిటారు తెస్త," అన్నాడు.

"అంటే ఏంది?"

"తీగెల వాద్యం. నేర్చుకుంట."

"గీ వయసుల నేర్చుకుంటవా? ఊరోళ్లు నవ్వుతరు బాపు."

"నవ్వనీ బిడ్డ," అన్నాడు అతడు. ఆమె రొట్టె మూట తీసి తండ్రి చేతికిచ్చింది.

బస్సు దేవరకద్ర మీదుగా పోయింది. దిగి గడియారం దాకా నడిచేలోపు అతడు రెండుచోట్ల గోడకు చెయ్యి ఆనించి నిలబడవలసి వచ్చింది. దుకాణం అంటే ఒక ఇరుకు గది. తిత్తులు ఊడిన హార్మోనియాలు, పెండ్లిళ్లకు పోయే బ్యాండువాళ్ల సొట్టపోయిన బూరలు, మేకుకు వేలాడే డోలు తోళ్లు. జిగురు వాసన. కళ్లద్దాలు నుదుటికి ఎత్తుకున్న రామచంద్రయ్య, గొంగడి మనిషిని చూసి డోలుకు తోలు అమ్మడానికి వచ్చాడనుకున్నాడు.

"తోలు వద్దు పెద్దమనిషీ, మస్తుగున్నయి."

"తోలు కాదు సేటు. గిటారు కావాలె."

"ఎవలకు?"

"నాకే."

"వాయించ వస్తదా?"

"రాదు. గిప్పుడే మొదలు."

రామచంద్రయ్య నవ్వబోయి ఆగాడు. అటక మీదనుంచి మూడింటిని దింపి తుడిచి వరుసగా పెట్టాడు. మొదటిది ఎర్రగా అద్దంలా మెరుస్తోంది. ఐలేశం చూపు దాని మీదికే పోయింది. ఒళ్లో పెట్టుకుంటే దూడను కావలించుకున్నట్టయి, కుడి భుజం చెవి దాకా లేచింది. వేలితో తీగను అదమబోతే అది చెక్కకు అందనేలేదు.

"చూసినవా? తీగె ఎత్తుగున్నది," అన్నాడు రామచంద్రయ్య. "కొత్తగ నేర్చుకునేటోనికి తీగె చెక్కకు దగ్గరుండాలె. లేకుంటే వేళ్లు కోసుకపోతయి, నాలుగొద్దులకు మూలకు పడేస్తరు. మెరుపు చూసి తీస్కుంటే గట్లనే అయితది."

రెండోది ఎత్తి కన్ను దగ్గర పెట్టుకుని, మెడ వంకర పోలేదని చూపించాడు. తేలికగా ఉంది, ఒళ్లో కుదురుగా కూర్చుంది. తీగలు మెత్తగా అందాయి. ఐలేశం మీటాడు. ఖంగుమని పలికి వెంటనే ఆగిపోయింది. మళ్లీ మీటాడు. మళ్లీ అంతే.

"గిది నీకు సరిపోతది. ఖరాబు గాదు," అన్నాడు రామచంద్రయ్య.

"గా మూడోది ఇయ్యి సేటు."

"అది పాతది. రైల్వేల పనిచేసే దొర ఒకాయన ఇడిసిపెట్టి పోయిండు. వెనుక చెక్క పలిగితే నేనే అతికిచ్చిన. వద్దు."

ఐలేశం చెయ్యి చాచే ఉన్నాడు. అది మిగతా రెండింటికన్నా చిన్నది. గోధుమరంగు మాసి బొగ్గుపొయ్యి దగ్గరి గోడలా ఉంది. అన్నిటికన్నా పైనున్న లావు తీగను బొటనవేలితో లాగి వదిలాడు. మోత బయటికి రాలేదు. ముందు చెక్క లోపలికి పోయింది. అక్కడ తిరిగి, పొట్టకు ఆనిన చోట వణికి, అప్పుడు వచ్చింది. ఆగాల్సినప్పుడు ఆగలేదు. సన్నబడుతూ ఉండిపోయింది.

అతడు కళ్లు మూసుకున్నాడు. వీపు వెనక గోడ దగ్గర ఎవరో వచ్చి నిలబడినట్టయింది.

"మోత జారాలంటే ఎట్ల?" అన్నాడు కళ్లు తెరవకుండానే.

రామచంద్రయ్య అతడి వేలు పట్టుకుని తీగ మీద అదిమి, మెడ పొడవునా కిందికీ పైకీ జరిపి చూపించాడు. రెండోసారి ఐలేశమే జరిపాడు. మోత కిందికి జారి, తచ్చాడి, లేచింది. చిత్రంగా రామచంద్రయ్య ముంజేతి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. అతడు వాకిలి వైపు ఒకసారి చూశాడు. ఎవరూ లేరు.

"గిదే," అన్నాడు ఐలేశం. భుజం మీది గొంగడి తీసి బల్ల మీద పరిచాడు. "నా దగ్గర గిది తప్ప ఇంకేం లేదు."

రామచంద్రయ్య అంచు పట్టుకుని వేళ్ల మధ్య నలిపి చూశాడు. గరుకు తెలియని నల్లటి నేత.

"గింత సన్నపు నూలు ఎవలు వడికిన్రు? గిసొంటిది ఇంకోటి అయితదా?"

"కాదు సేటు. వడికినామె లేదు."

రామచంద్రయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "మరి గిట్ల ఇయ్యొచ్చునా పెద్దయ్య? చేతి గుర్తు గద."

ఐలేశం గొంగడి మీదికి వంగాడు. అరచేత్తో ఒకసారి నిమిరాడు.

"చేతులు యాదికున్నయి," అన్నాడు. "గొంతే యాదికొస్తలేదు."

రామచంద్రయ్య గొంగడి అందుకున్నాడు. గొంగడి మడిచి లోపల పెట్టి, గిటారును పాత దుప్పటిలో చుట్టాడు. తీగలు సడలుతుంటాయనీ, చివరనున్న మరలను మెల్లగా తిప్పి బిగించుకోవాలనీ చెప్పాడు. "ఎక్కువ బిగిస్తే తెగుతది. వినుకుంట తిప్పు."

తిరుగుబస్సులో ఆ మూటను ఒళ్లో నిలబెట్టుకుని కూర్చున్నాడు. ఇంజను ఊపుకు లోపల లావు తీగ తనంతట తాను మోగసాగింది. పక్కన బుట్ట పెట్టుకుని కూర్చున్న ఆమె కొంతసేపు అటూ ఇటూ చూసింది.

"పెద్దయ్యా, గా మూటల ఏమున్నది? ఎవలో మూల్గుతున్నట్టున్నది."

"వాద్యం తల్లీ."

ఆమె నమ్మలేదు. బుట్ట ఎత్తుకుని ముందు సీటుకు మారింది. ఐలేశం తీగ మీద చెయ్యి వేసి ఆపవచ్చు. ఆపలేదు. దుప్పటికి చెవి ఆనించి ఊరు వచ్చేదాకా అలాగే కూర్చున్నాడు.

ఇల్లు చేరేసరికి ఎండ పలచబడింది. వాకిట్లో గోడ పక్కన నులకమంచం మీద కూర్చుని దుప్పటి విప్పాడు. మీటితే ఏదో మొద్దు చప్పుడు వచ్చింది. మళ్లీ మీటాడు. దుకాణంలో విన్నది అది కాదు. అతడి ముఖం పాలిపోయింది.  ఇచ్చేసిన గొంగడి కళ్ల ముందు మెదిలింది. ఉన్నదీ పోగొట్టుకున్నానా అనుకున్నాడు.

అప్పుడు మర సంగతి గుర్తొచ్చింది. మెల్లగా తిప్పాడు, మీటాడు, విన్నాడు. ఇంకాస్త తిప్పాడు. రొమ్ములో బరువు పైకి ఎగబాకుతోంది, ఎడమచెయ్యి తిమ్మిరెక్కుతోంది. అతడు పట్టించుకోలేదు. మరను వెంట్రుకవాసి జరిపి, తీగను అదిమి వేలు కిందికి జార్చాడు.

వచ్చింది.

కిందికి జారి, అక్కడ ఊపిరి పీల్చుకున్నట్టు ఆగి, మళ్లీ పైకి. అదే గొంతు. గోడకు ఆనుకుని, నోరు తెరవకుండా.

లోపల పిండి పిసుకుతున్న నర్సింగమ్మ పిండి చేతులతోనే వాకిట్లోకి వచ్చింది. తల్లి పోయినప్పుడు ఆమె చిన్నపిల్ల. తల్లి ముఖం కూడా ఆమెకు గుర్తు లేదు.

"ఎవలొచ్చిన్రు బాపు?"

"ఎవ్వలు రాలేదు బిడ్డ."

"ఎవలో ఆడామె గొంతు ఇనవడ్డది." ఆమె పెరటిదాకా వెళ్లి చూసి వచ్చింది. తండ్రి ఒళ్లోని వాద్యాన్ని చూసింది. "గిదేనా?"

అతడు మళ్లీ వేలు జార్చాడు. నర్సింగమ్మ గడపకు ఆనుకుని జారగిలబడింది. ఎందుకో తెలియకుండానే ఆమె కళ్లలో నీళ్లు నిండాయి.

"గీ గొంతు నాకు ఎరుకే బాపు," అంది. "నాకెట్ల ఎరుక?"

 ఐలేశం ఆమె వైపు చూసి నవ్వాడు. అతడు అలా నవ్వడం ఆమె ఎప్పుడూ చూడలేదు. కొంతసేపటికి, పొయ్యి మీద పెనం కాలుతున్న వాసనకు ఆమె లేచి లోపలికి పోయింది.

రొట్టెలు తడుతున్నంతసేపూ ఆ గొంతు వాకిట్లోనుంచి వస్తూనే ఉంది. ఒకసారి ఆగింది. మళ్లీ వచ్చింది. తరువాత ఒక్క మోత పొడుగ్గా సాగి, సన్నబడి, ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆగింది. "బాపు, రొట్టె తిందువు రా," అని పిలిచింది నర్సింగమ్మ. రెండోసారి పిలిచి, గిన్నె పట్టుకుని బయటికి వచ్చింది. తండ్రి గోడకు తల ఆనించి, కొంచెం పక్కకు వంచి, వింటున్నట్టు కూర్చుని ఉన్నాడు. భుజం మీద చెయ్యి వేసినా కదలలేదు.

వాడంతా వచ్చింది. మీద కప్పడానికి గొంగడి కోసం ఇల్లంతా వెతికారు. మగ్గం మీద సగం నేసింది తప్ప ఇంకొకటి లేదు. పక్కింటి భద్రమ్మ తన ఇంటినుంచి ఒకటి తెచ్చి కప్పింది. అది ఎప్పుడో ఐలేశమే నేసి ఇచ్చింది.

దినాలు అయ్యాక అల్లుడు ఆ వాద్యాన్ని పాలమూరులో తిరిగి ఇచ్చేసి గొంగడి తెస్తానన్నాడు. నర్సింగమ్మ వద్దంది. తన ఇంటికి తెచ్చి పెట్టుకుంది గానీ దాన్ని ముట్టుకోలేదు. ఇంట్లో ఎవరైనా గట్టిగా మాట్లాడితే, తన పిల్ల ఏడిస్తే, లావు తీగ దానంతట అదే సన్నగా పలికేది. అప్పుడల్లా ఆమె చేతిలో పని ఆగిపోయేది. చివరికి ఒకనాడు దాన్ని మేకుకు వేలాడదీసి, తీగలున్న ముఖాన్ని గోడ వైపు తిప్పింది. ఇంట్లోకి వచ్చేవాళ్లకు ఇప్పుడు దాని వెనకభాగమే కనిపిస్తుంది: మాసిన గోధుమరంగు చెక్క, దాని మీద పైనుంచి కిందిదాకా జిగురుతో అతికిన సన్నటి నెర్రె.