పటేలు ఇంటి దర్వాజ

ఎంకయ్య చెంబెడు నీళ్లు గడప మీద పోసి, ఈ మూల నుంచి ఆ మూల దాకా అరచేత్తో తుడిచాడు. వంగి, ఎవరికీ వినిపించకుండా ఏదో అన్నాడు. ఏ ఇల్లు కూల్చడానికి పోయినా అతని మొదటి పని ఇదే. ఆ తరవాత ద్వారబంధం ఊడదీస్తాడు. గడప ఉన్నంతసేపూ అది ఇల్లే, ఇంటి మీద గడ్డపార వేస్తే పాపం. గడప లేచిపోయాక అది ఉత్త గోడ, దాన్ని ఎవడు కొడితే ఏం. తోటి కూలీలు పైనుంచి కూల్చుకుంటూ వస్తారు. ఎంకయ్య పద్ధతి చూసి నవ్వుకుంటారు కూడా. నవ్వినవాళ్లను అతను ఎన్నడూ పట్టించుకోలేదు.

పొట్టి మనిషి. కుడి భుజం ఎడమ భుజం కన్నా కిందికి జారింది. కనుబొమల్లో పట్టిన సున్నపు దుమ్ము ఎన్ని స్నానాలు చేసినా పోదు. ఇబ్రహీంపట్నం చౌరస్తా నుంచి బస్టాండు దాకా ఉన్న పెద్ద రోడ్డు మీద అందరికీ ఉన్న దుకాణాలు కనిపిస్తే, అతనికి లేనివి కనిపిస్తాయి. నగల షాపు అద్దాల వెనక డంగుసున్నం కమానుల కిరాణా కొట్టు. సెల్‌ఫోన్ల దుకాణం ఉన్నచోట ఇనుప స్తంభాల బట్టల కొట్టు. రక్తపరీక్షల సెంటరు ఉన్నచోట సినిమా టాకీసు, దాని బెంచీల కింద అట్టలు కట్టిన పల్లీ పొట్టు. అన్నీ తన చేత్తో కూల్చినవే. రోడ్డు వెడల్పు చేసినప్పుడల్లా అతనికి పని దొరికింది. ఆ వీధి మాత్రం అతనికి ఏనాడూ కుర్చీ వేయలేదు. ఒళ్లంతా దుమ్మని హోటళ్లవాళ్లు చాయ్ గ్లాసు బయటికే పంపుతారు.

పాత కట్టడాల్లో ఇక మిగిలింది పటేలు ఇల్లొక్కటే, ఇవాళ దాని వంతు. మట్టి, రాయి కలిపి కట్టిన మూరెడు మందం గోడలు, ముందు అరుగు, నడుమ టేకు ద్వారబంధం. దాని మీద చిలకలు, తామరపూలు చెక్కి ఉన్నాయి. ఎంకయ్య తండ్రి ఈ ఇంట్లో జీతగాడు. పెద్ద పటేలు గడప లోపల నిలబడి గింజలు పోస్తే, తండ్రి బయట వంగి తువ్వాలు పట్టేవాడు. ఒకసారి చిన్న ఎంకయ్య కోడిపిల్ల వెంట పరుగెత్తి గడప మీద కాలు పెట్టాడు. పటేలు చేతికర్రతో చీలమండ మీద కొట్టాడు. పటేలు చూస్తుండగానే తండ్రి మళ్లీ కొట్టాడు, ఇంకా గట్టిగా. తండ్రి చచ్చేదాకా ఆ గడప దాటలేదు.

అందుకే ఎంకయ్యకు గడపతో సహా ఆ దర్వాజ, ఆ టేకు ద్వారబంధం, కావాలి. జీవితంలో అతను నోరు తెరిచి అడిగింది అదొక్కటే. పెద్ద పటేలు మనవడు జయపాల్ చేయి ఊపి ఒప్పుకున్నాడు. "గా పాత కట్టె నాకెందుకు, తీస్కపో" అన్నాడు. ఊరి చివర సిమెంటు ఇటుకలతో కట్టుకున్న ఒంటిగదికి ఎంకయ్య దాని కొలతకే సందు వదిలాడు. వానాకాలం నుంచీ అక్కడ గోనెపట్టా వేలాడుతోంది.

"గంత పెద్ద దర్వాజకు మనిల్లు సాలుతదా?" అంది భార్య నర్సింహమ్మ.

"సాలకపోతే దర్వాజనే ఇల్లనుకుందాం తియ్యి."

తీయడం కూడా కష్టం కాదు. ద్వారబంధం పైన అడ్డంగా వేసిన కమ్మి కొనలు రెండు పక్కలా గోడలోకి దిగి ఉంటాయి. గోడ అంచున రంపంతో కోసేస్తే కొనలు గోడలోనే ఉండిపోతాయి, రాళ్లు కదలవు, ద్వారబంధం ముందుకు జారి వస్తుంది. ఆ పని కోసమే రంపం సానపట్టి, గోనెసంచిలో చుట్టి తెచ్చాడు. నీళ్లు ఆరాక, అతనితో పాటే కూలికి వచ్చిన నర్సింహమ్మ గడపకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. తమ ఇంటికి వచ్చే గడప అనుకునే పెట్టింది పాపం.

ఎండ ఎక్కుతుండగా జయపాల్ కారు దిగాడు. వెంట మహిధర్ ఉన్నాడు. బొంగులూరు దగ్గర పల్లెటూరి ఇల్లులా కనిపించే హోటల్ కడుతున్న మనిషి. ద్వారబంధాన్ని తడిమి, ఫోటో తీసుకుని, జయపాల్‌ను పక్కకు పిలిచాడు. ఇద్దరూ నవ్వుకుంటూ తిరిగొచ్చారు.

"ఎంకయ్యా, దర్వాజ బండ్ల ఎక్కియ్యి. సారు తీస్కపోతడు" అన్నాడు జయపాల్.

"నాకిస్తనంటివి గద పటేలా."

"అన్న. అంటే ఏమైతది? నీ ఇంటికి గిది పెడితే చూసినోళ్లు దొంగతనం జేసినవంటరు. ఇనుపది కొనిస్త తియ్యి."

ఎంకయ్య తల వంచుకుని, అరుగు మీది గోనెసంచి విప్పి రంపం తీయబోయాడు. చీలమండ మీద దెబ్బ పడ్డ రోజు కూడా అతను ఇలాగే తల వంచుకున్నాడు.

"కొనలు కొయ్యకు. కోస్తే ఇలువ పోతది. నాకు నిండుగ కావాలె" అన్నాడు మహిధర్.

అంటే కొనల చుట్టూ గోడ తవ్వాలి. పైన అడ్డంగా పరిచిన రాతిపలక ఆ గోడల మీదే నిలబడి ఉంది. తోటి కూలీ బాలరాజ్ ఒకసారి పైకి చూసి, ఎంకయ్య వైపు చూశాడు.

"అన్నా, ముందుగాల పైగోడ దింపుదాం. తర్వాత దర్వాజ తీద్దాం."

అదే తెలివైన మాట. ఆ సంగతి ఎంకయ్యకూ తెలుసు. కానీ గడప మీద పసుపు ఇంకా పచ్చిగా ఉంది.

"పసుపు రాసిన గడప మీద రాళ్లెట్ల పోస్తర్రా?" అన్నాడు. "దర్వాజనే ముందు."

"నీ ఇష్టం. ఎట్లనో ఒకట్ల పొద్దుగూకి మబ్బుగాక ముందే బండి ఎక్కాలె" అన్నాడు జయపాల్, నీడలోకి జరుగుతూ.

రాతిపలక కింద గుంజలు ఊతంగా నిలబెట్టి, ఎంకయ్య ఎడమ కొన చుట్టూ తవ్వాడు. తరవాత కుడి కొన. మట్టి పిండిలా రాలింది. ద్వారబంధానికి మోకు కట్టి బయటినుంచి బాలరాజ్, నర్సింహమ్మ పట్టుకున్నారు. లోపలినుంచి నెట్టడానికి ఒక మనిషి కావాలి. ఎంకయ్య కాలు బాగా పైకెత్తి, గడపకు తగలకుండా దాటాడు. లోపల నిలబడి బయటికి చూశాడు. పెద్ద పటేలు నిలబడే చోటు అదే. అక్కడినుంచి చూస్తే బయటివాళ్లు నిజంగానే పొట్టిగా కనిపిస్తారని అతనికి అప్పుడే తెలిసింది.

"గుంజు" అన్నాడు.

వాళ్లు గుంజారు. అతను భుజం ఆనించి నెట్టాడు. ద్వారబంధం ఒకసారి మూలిగి, కొనలతో సహా నిండుగా బయటికి వచ్చేసింది. వస్తూ వస్తూ ఒక గుంజను ఒరుసుకుని పడదోసింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. అయిన కాస్తా సాగర్ రోడ్డు మీద పోతున్న బస్సు హారన్‌లో కలిసిపోయింది. దుమ్ము లేచింది. నర్సింహమ్మ మోకు వదలకుండా నిలబడి చూసింది. దుమ్ములోంచి వచ్చేటప్పుడు అతను ముందు దగ్గుతాడు, తరవాతే కనిపిస్తాడు. ఆమె ఆ దగ్గు కోసం చాలాసేపు చూసింది.

రాతిపలక ఎత్తడానికి పక్క దుకాణాల వాళ్లు వచ్చారు. చాయ్ హోటలాయన కూడా వచ్చాడు, మంచి మనిషే. ఆటోలో దవాఖానకు తీసుకుపోతుంటే రోడ్డు జామైంది. వెనకవాళ్లు హారన్లు కొట్టారు. ఆటో చౌరస్తా దాటేసరికే అతను పోయాడని డ్రైవరుకు తెలుసు. తెలిసీ నర్సింహమ్మ ముఖం చూసి ఆపలేదు.

జయపాల్ ఎవరికో ఫోన్ చేసి, మొండోడు, చెప్తే వినలేదని రెండుసార్లు చెప్పాడు. అది అబద్ధమూ కాదు, అదే దారుణం. మహిధర్ వంగి ద్వారబంధాన్ని నాలుగు వైపులా చూశాడు.

"రక్తమేం అంటలే గద?"

"లేదు సారు" అన్నాడు బాలరాజ్.

"గా పసుపు గూడ తుడిచెయ్యి."

బాలరాజ్ తడిగుడ్డ తెచ్చి తుడిచాడు. చీకటి పడకముందే చిలకలూ తామరపూలూ ఒక్క గీత కూడా పడకుండా బండెక్కి బొంగులూరు వైపు వెళ్లిపోయాయి. వీధిలో అద్దాల దుకాణాలన్నీ దీపాలు వేసుకున్నాయి. అరుగు మీద గోనెసంచి పక్కకు తొలగి, ఉదయమే సానపట్టిన ఎంకయ్య రంపం ఆ వెలుతురులో మెరుస్తోంది. దాని పళ్లకు రవ్వంత కట్టెపొట్టు కూడా అంటలేదు.