శారద అడిగే ప్రశ్న

మా ఊళ్లో టీవీ నాకు తమ్ముడి వరసయ్యే చిరంజీవి ఇంట్లో ఉండేది. భద్రాచలంలో కొని, ఎడ్లబండిలో గడ్డి పరిచి తెచ్చాడు. శుక్రవారం సాయంత్రం అందులో కోర్టు సీరియల్ వచ్చేది. నా భార్య చిన్నక్క ఆ రోజు ముందే వంట ముగించి, చిరంజీవి గడప దగ్గర చోటు పట్టేది.

ఆ సీరియల్లో శారద అని ఒక సర్కారు లాయరు. నేరం చేసినవాడెవరో ఆమెకు ముందే తెలుసు. కానీ తను చెప్పదు. సాక్షి దగ్గరికి వస్తుంది. కళ్లద్దాలు తీసి, మడిచి, బోను కట్టె మీద పెడుతుంది. కాసేపు ఆగి అడుగుతుంది.

"ఆ మనిషి ఇప్పుడు ఈ గదిలో ఉన్నాడా?"

అక్కడ చిన్నక్కకు ఓపిక ఉండేది కాదు. "చెప్పు బిడ్డా, జల్దీ చెప్పు! ఆమె ఉన్నది గదా, ఏంది నీ భయం?" అని టీవీని గదమాయించేది.

చిరంజీవి నవ్వేవాడు. "మా అన్నను నిలవెట్టు వదినా, టకటక చెప్తడు."

"ఈయననా? కుక్క మొరిగితే ఇంట్లకు ఉరుకుతడు. బోనుల నిలవెడితే నీళ్లు నములుతడు."

అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. ఆమె అన్నది అబద్ధం కాదు.

2006 మే నెల. బీడీల తునికాకు కట్టలు నెత్తిన పెట్టుకుని, వాటిని కొనే కల్లానికి ఇద్దరం పోతున్నాం. పొద్దున పది దాటింది. ఆమె ముందు, నేను ఇరవై అడుగులు వెనక. ఎదురుగా బసవపున్నయ్య ట్రాక్టరు వచ్చింది. ఆయన కోస్తా నుంచి వచ్చి మా దగ్గర మిరప తోటలు పెట్టినవాడు. తోలుతున్నది ఆయన కొడుకు నాగచైతన్య. జీతానికున్న డ్రైవరు తుల్సీరాం పక్కన మడ్‌గార్డు మీద కూర్చున్నాడు. కొడుకు అతనితో ఏదో చెబుతూ, నవ్వుతూ తల తిప్పాడు. మళ్లీ రోడ్డు చూసేసరికి చిన్నక్క చక్రం కింద ఉంది. అతను నన్ను చూశాడు. నేను అతన్ని చూశాను. ట్రాక్టరు ఆగలేదు. దవాఖానాకు చేరకముందే ఆమె పోయింది.

చూసింది చూసినట్టు పోలీసులకు చెప్పాను. నాగచైతన్య మీద కేసు అయింది. తోలింది తుల్సీరాం అని బసవపున్నయ్య వాళ్లు అన్నారు. తుల్సీరాం ఎటు పోయాడో తెలియదు. అతను పోయాక, చూసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను.

రెండేళ్లకు సాక్ష్యం చెప్పమని కోర్టు సమన్లు వచ్చాయి. మర్నాడే బసవపున్నయ్య మా ఇంటికి వచ్చాడు. తిట్టలేదు. మంచం మీద కూర్చుని మంచినీళ్లు అడిగి తాగాడు.

"ఒక్కడివే ఉంటున్నావా జంపయ్యా?"

"అవ్ అయ్యా."

"అడవి పక్కన ఇల్లు. తలుపు కూడా గట్టిది కాదే." లేచి, తలుపు రెండు సార్లు ఊపి చూశాడు. "కోర్టులో అబద్ధం చెప్పమని నేననను. పాపం తగులుద్ది. అడిగినదానికి చెప్పు. అడగంది చెప్పమాక. అంతే."

"అట్లనే అయ్యా."

ఆ రోజు నుంచి తలుపుకు రోలు అడ్డం పెట్టుకుని పడుకున్నాను. రోడ్డు మీద ఇంజను చప్పుడైతే అన్నం సగంలో వదిలి లేచేవాణ్ణి.

కానీ నాకు ఒక ధైర్యం ఉంది. అడగంది చెప్పొద్దన్నాడు. అడిగితే చెప్పొచ్చు. సర్కారు లాయరు ఆ ప్రశ్న అడగకుండా ఉంటాడా? చిన్నక్క పోయాక కూడా నేను చిరంజీవి గడప దగ్గర కూర్చుని శారదను చూస్తూనే ఉన్నాను. ఒక్క శుక్రవారం కూడా ఆమె ఆ ప్రశ్న మరిచిపోలేదు. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు నేర్చుకున్నాను. చేలో ఎవరూ లేనప్పుడు చింతచెట్టుకు వేలు చూపి "వాడే" అనేవాణ్ణి. మొదట గొంతు రాలేదు. తర్వాత వచ్చింది.

కోర్టు గది టీవీలో కన్నా చిన్నది. నాగచైతన్య ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని నిలబడ్డాడు. బసవపున్నయ్య వెనక బెంచీ మీద ఉన్నాడు. కొడుకు వైపు చూడలేదు. నన్నే చూశాడు. బోను కట్టె పట్టుకున్నాను. చేతి చెమటకు అది జారింది.

మా సర్కారు లాయరు పేరు ఆదినారాయణ. ఆయన నన్ను చూడటం అదే మొదలు. ఫైలు తిప్పుతూ అడిగాడు.

"చిన్నక్క నీకేమవుద్ది?"

"నా భార్య సార్."

"ట్రాక్టరు గుద్దిందా?"

"గుద్దింది సార్."

"ఆ దెబ్బలకే చనిపోయిందా?"

"అవ్ సార్."

అప్పుడు ఆయన కళ్లద్దాలు తీశాడు. నా గుండె ఎగిరింది. వేలు సిద్ధం చేసుకున్నాను. ఆయన అద్దాలు కోటు అంచుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "అంతే సార్," అని జడ్జికి చెప్పి కూర్చున్నాడు. ఇంకో ఫైలు తీశాడు.

ఆయన అమ్ముడుపోయాడని నేననను. నా ఫైలు చదవలేదు. అదీ నేను క్షమించను.

వాళ్ల లాయరు సగం లేచి, "ప్రశ్నలు లేవు," అన్నాడు. బసవపున్నయ్య మొహం మీద చెయ్యి వేసుకుని తుడుచుకున్నాడు. నాకు ఏమనిపించిందో దాచను. హాయి అనిపించింది. అడగలేదు, చెప్పలేదు, ఇంటికి పోవచ్చు. చిన్నక్క పోయిన రెండేళ్లకు, ఆమె కోసం నిలబడిన చోట, నేను అనుకున్నది అది.

గుమాస్తా నా సాక్ష్యం రాసిన కాగితం తెచ్చాడు. తెలుగులోనే ఉంది. "సంతకమా, వేలిముద్రా?"

"సంతకం."

"అయితే చదువుకుని పెట్టు. జల్దీ కానియ్."

మా ఊరి బడిలో ఐదు దాకా చదివాను. పెదవులు కదిలించుకుంటూ చదివాను. అందులో చిన్నక్క పేరు ఉంది. నా పేరు ఉంది. ట్రాక్టరు ఉంది. ట్రాక్టరు మీద ఎవరూ లేరు. ఆ కాగితం ప్రకారం అది తనంత తానే వచ్చి, తనంత తానే పోయింది. కింద నేను పేరు రాయాలి.

కలం కాగితం మీద ఆనించి, మళ్లీ ఎత్తాను.

"ఏందయ్యా, సంతకం మరిచిపోయినవా?" గుమాస్తా విసుక్కున్నాడు.

"ఇందుల తోలినోడు లేడు సార్," అన్నాను. నా గొంతు నాకే సన్నగా వినిపించింది.

జడ్జి తల ఎత్తాడు. "ఎవరు తోలారు? నువ్వు చూశావా?"

వాళ్ల లాయరు లేచి ఏదో అంటున్నాడు. జడ్జి అతన్ని చేత్తో ఆపాడు. వెనక బెంచీ వైపు చూస్తే నోరు పెగలదని తెలుసు. చూడలేదు. వేలు ఎత్తాను.

"చూసిన సార్. తోలినోడు గా తెల్లంగి పిలగాడు. నాగచైతన్య."

ఆ తర్వాత వాళ్ల లాయరు గంట సేపు తిప్పి తిప్పి అడిగాడు. నా నోట తోలినవాడు మారలేదు.

బయట వసారాలో బసవపున్నయ్య ఎదురొచ్చాడు. నా భుజం మీది తువ్వాలు సరిచేశాడు.

"అడిగిందే చెప్పావు జంపయ్యా. నేనేమంటాను?"

కేకలు వేసి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు.

సీరియల్లో సాక్షి వేలు చూపగానే తెర మీద పేర్లు పడతాయి. ఆ సాక్షి ఏ బస్సు ఎక్కాడో, ఊరు చేరాడో లేదో శారద ఎన్నడూ అడగలేదు. నేను బస్సు దిగేసరికి సాయంత్రం నాలుగైంది. అక్కడి నుంచి ఊరికి మూడు కిలోమీటర్లు, రెండు వైపులా అడవి. సగం దూరం పోయాక వెనక ట్రాక్టరు చప్పుడు వినిపించింది. తిరిగి చూడలేదు. రోడ్డు దిగి, తునికి పొదల వెనక, నేలకు కడుపు ఆనించి పడుకున్నాను. చప్పుడు దగ్గరికి వచ్చింది. నెమ్మదించింది.

నోరు ఎండిపోయింది. పొద్దుటి నుంచి చుక్క నీళ్లు తాగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

"చెప్పిన చిన్నక్కా," అన్నాను, పైకి వినపడకుండా.