కరాళి ఏడవలేదు

తిరుపతిలో ఓ జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పే శేషసాయికి కథలు రాసే అలవాటుంది. గ్రహాలూ రాకెట్లూ ఉండే కథలు. అవి చదివి హైదరాబాదు నుంచి ధనశేఖర్ అనే ప్రచురణకర్త ఫోన్ చేశాడు. ‘రెండో నేల’ అనే వెబ్ సిరీస్ బాగా ఆడింది కదా, దాన్ని నవలగా రాసివ్వమన్నాడు. షరతు ఒక్కటే. తెర మీద జరిగింది మార్చకూడదు. తెర మీద చూపనిది ఎంతైనా కల్పించుకోవచ్చు.

ఆ సిరీస్‌లో మనుషులు ఇంకో గ్రహానికి వెళ్లి సేద్యం మొదలుపెడతారు. అక్కడ కొండల్లాంటి జంతువులుంటాయి. వాటిని కాపాడే నాయిక ధరణి. కరాళి అనే ఆడరైతు చేను చుట్టూ కరెంటు తీగ కట్టి ఒకదాన్ని చంపేస్తుంది. ఆమె కనిపించేది కాసేపే. కళ్లెర్రజేస్తుంది, పకపకా నవ్వుతుంది, సంకెళ్లతో వెళ్లిపోతుంది.

మిగతా అధ్యాయాలు సాఫీగా సాగాయి గానీ కరాళి దగ్గరికొచ్చేసరికి కలం మొరాయించింది. అసలు ఆ మనిషి తీగ ఎందుకు కట్టింది? శేషసాయి సిరీస్‌ను మళ్లీ మళ్లీ చూశాడు. ఎక్కడా జవాబు లేదు. తీసినవాళ్లకు ఆ ప్రశ్నే తట్టినట్టు లేదు. స్టాఫ్ రూములో ఈ మాటే అంటే బాటనీ చెప్పే హేమశ్రీ అందుకుంది.

“మాది పలమనేరు పక్కన సార్. మా పెద్దనాయన అట్లాంటి తీగ కట్టినాడు. ఏనుగు చచ్చిపోయింది. కేసు ఇంకా నడస్తా ఉండాది. కావాలంటే వచ్చి మా పెద్దమ్మనే అడగండి.”

ఆ ఆదివారమే ఇద్దరూ బస్సెక్కారు.

పెద్దమ్మ మునెమ్మ టమోటాలు కోస్తోంది. ఆమె భర్త గోవిందస్వామి గట్టు మీద కూర్చుని బుట్టలు సర్దుతున్నాడు. వచ్చిన పని చెబితే తిట్టి పంపుతారేమోనని శేషసాయి బెరుకుబెరుకుగా అడిగాడు. మునెమ్మ నడుం నిలబెట్టి అతని వంక చూసింది.

“కట్టింది ఈయనే సామీ. కట్టమనింది నేను. టపాకాయలు కాల్సినాము, మిరపకాయల పొగ పెట్టినాము, డబ్బాలు కొట్టినాము. పంట పోతే మళ్లా పెట్టుకుంటాము, దానికోసరం కాదు. మా తోటికోడలు జయంతి పొద్దున్నే నీళ్లు కట్టేదానికి పోయింది. ఆ మడిలోనే తొక్కేసింది ఏనుగు. ఆ దినమే చెప్పినాను, తీగ కట్టమని.”

గోవిందస్వామి తలెత్తలేదు. “చచ్చిపడిండే ఏనుగుని సూసినాక నాకు కూడు దిగలేదప్పా. పసుపూ కుంకమా పెట్టి, దాని కాళ్లకాడ కూసోని ఏడ్సినాను. పోలీసోళ్లు వచ్చేదాకా ఆడే ఉన్నాను. వినాయకుడు కదా అది.”

“వినాయకుడైతే జయంతిని ఏమిటికి తొక్కె?” అంది మునెమ్మ.

ఆ ఇంట్లో ఈ వాదన కొత్తది కాదని శేషసాయికి తెలిసిపోయింది.

తిరుపతికి వచ్చి ఒక్క ఊపున అధ్యాయం రాసేశాడు. కరాళికి ఓ తోటికోడలిని ఇచ్చాడు. చివర్లో చచ్చిన జంతువు కాళ్ల దగ్గర కూర్చుని కరాళి వెక్కి వెక్కి ఏడుస్తుంది. రాస్తుంటే తనకే కళ్లు చెమర్చాయి. ధనశేఖర్ చదివి, “బ్రహ్మాండం సార్, విలన్ మీద కూడా జాలి పుడుతోంది,” అన్నాడు.

అయినా వాళ్ల కథ వాళ్లకు చెప్పకుండా అచ్చు వేయడం బాగుండదనిపించింది శేషసాయికి. మళ్లీ వెళ్లి మునెమ్మకు చదివి వినిపించాడు. ఆమె అనపకాయలు ఒలుస్తూ వింది. అయిపోయాక చేట పక్కన పెట్టింది.

“బాగుండాది సామీ. ఆ ఏడుపు ఎవురిది?”

“కరాళిది.”

“ఈయన ఏడుపు తీసి నాకు పెట్టినావు. నేను ఏడవలేదే. ఏడిస్తేనే మంచిదాన్ని అవతానా?”

శేషసాయి చేతిలోని కాగితాల వంక చూసుకున్నాడు. ఆమెను అర్థం చేసుకున్నాననే అనుకున్నాడు ఇంతసేపూ. తీరా చూస్తే ఆమె మాట మింగుడుపడక, తనకు నచ్చిన భర్త మాటను ఆమె నోట్లో పెట్టాడు.

“ఇంకోటి,” అని మునెమ్మ ముందుకు జరిగింది. “ఆ ధరణి అనే పాప ఉండాదే, ఆయమ్మ నన్ను సూసి ఏమంటాది? పోలీసోళ్లని పిలిచి పోతాదా? నాతో మాట్లాడదా?”

సిరీస్‌లో మాట్లాడదు. శేషసాయి కూడా ఆ సంగతి ఆలోచించలేదు.

వేసవి సెలవులన్నీ ఆ అధ్యాయానికే పోయాయి. కరాళికి ఓ భర్తను కల్పించి ఏడుపు అతనికిచ్చాడు. చచ్చిన జంతువుకు ఓ పిల్లనిచ్చాడు. ధరణిని కరాళి గుమ్మం దాకా నడిపించాడు. ధరణి మాట రాస్తుంటే కరాళిదే తప్పనిపించేది. కరాళి మాట రాస్తుంటే ధరణికి లోకం తెలియదనిపించేది. ఎవరి మాటా తేలిపోకుండా నిలిచేదాకా కొట్టేసి రాస్తూనే ఉన్నాడు.

ధనశేఖర్ ఫోన్ చేశాడు. “పాతదే బాగుంది సార్. ఇది చదివినవాడు ఎవరి పక్షాన నిలబడాలి?”

“నాకూ తెలీదండీ. మీరు ఎవరి పక్షం?”

“మొదట కరాళి పక్షమే. తర్వాత ఆ పిల్ల జంతువు వచ్చేసరికి...” అని నసిగాడు. “సరే, ఉండనివ్వండి.”

తెర మీద జరిగింది మారలేదు కాబట్టి సిరీస్ వాళ్లూ అడ్డు చెప్పలేదు. పుస్తకం వచ్చాక ధరణిని తక్కువ చేశాడని కొందరు అభిమానులు తిట్టారు. కరాళిని ఇంకా వెనకేసుకురావాల్సిందని కొందరు అన్నారు.

హేమశ్రీ ఓ ప్రతి పట్టుకుని ఊరికి బయల్దేరితే శేషసాయీ వెంట వెళ్లాడు. వరండాలో కూర్చుని ఆమె పెద్దమ్మకు చదివింది. గుమ్మంలో నిలబడి ధరణి కరాళితో అంటుంది: “మనం రాకముందు నుంచీ ఇది వాటి దారి. నువ్వు చంపినదానికి పిల్ల ఉంది. రోజూ వచ్చి ఇక్కడే నిలబడుతోంది. నీ తోటికోడలు ఎవరో దానికి తెలియదు.”

గోవిందస్వామి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. మునెమ్మ చాలాసేపు తోట వైపే చూసింది.

“ఆ పాప చెప్పింది అబద్ధం కాదు,” అంది. “అయినా మళ్లా కట్టమనే అంటాను నేను.”

శేషసాయి తలూపాడు. హేమశ్రీ ఇక పుస్తకం మూయబోయింది.

“నిలిపేస్తివేమే?” అంది మునెమ్మ. “ఆ పిల్ల ఏనుగు ఏమాయనో చదువు.”