చీమలవాగు చప్టా మీది కన్ను

నేను ఒక నెట్‌వర్క్ కెమెరాను. అరచేతిలో పట్టేంత ఒళ్లు, రెప్పలేని ఒక కన్ను. కర్మాగారంలో నన్ను పెట్టెలో సర్దిన అమ్మాయి, నా కంటికి అంటిన వేలిముద్రను మెత్తటి గుడ్డతో తుడిచి పంపింది. ఆ తరువాత నన్ను అంత శ్రద్ధగా చూసినవాళ్లు లేరు.

వాగుకు అడ్డంగా, దాటడానికి వేసిన చీమలవాగు చప్టా పక్కన ఇనప స్తంభానికి నన్ను బిగించారు. చప్టా మీదికి నీళ్లొస్తే మండల కార్యాలయంలోని తెర మీద కనబడాలి. వాళ్లు చూసి మనుషుల్ని ఆపాలి. కార్యాలయంలో జరిగినవన్నీ, తరువాత నా స్తంభం కింద వాళ్లు ఒకరినొకరు నిందించుకుంటుంటే విన్నాను.

అక్కడి సాఫ్ట్‌వేర్ రెండింటినే తీసుకునేది: కంప్యూటర్‌కు తీగతో తగిలించిన కెమెరా, లేదా ముందే దాచిపెట్టిన వీడియో. నెట్‌వర్క్ మీద వచ్చే నా చిత్రాన్ని అందుకోవడం దానికి ఎవరూ నేర్పలేదు.

"అది కలపాలంటే ఇంకో వారం పడుతుందండి" అన్నాడట దాన్ని రాసిన ఫణీంద్ర.

"రేపు ప్రారంభోత్సవం పెట్టుకుని వారమేంటయ్యా! ఏదో ఒకటి ఆడించు బాబూ" అన్నారట అధికారి నరసింగరావు.

ఫణీంద్ర వచ్చి నా నుంచి పది నిమిషాల వీడియో తన ల్యాప్‌టాప్‌లోకి తీసుకున్నాడు. పొడి చప్టా, దాటుతున్న ఒక గేదె. కార్యాలయం తెర మీద అదే మళ్లీ మళ్లీ ఆడేలా పెట్టాడు. కొబ్బరికాయ కొట్టారు, ఫొటోలు దిగారు. మర్నాడే అతన్ని వేరే పనికి పంపేశారు.

వేసవిలో తెర ముందు కొత్తగా చేరిన మంగతాయారుకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. "ఆ గేదెకి ఇంకో పనే లేదేంటండీ? ఎప్పుడు చూసినా దాటతానే ఉంటది" అనేదట. అందరూ నవ్వేవారట.

జూలైలో ఒక ఉదయం పైన కొండల్లో వాన కురిసింది. కింద ఎండ. అవతలి ఊరి బడిలో లెక్కలు చెప్పే వరూధిని టీచరు, బయల్దేరేముందు ఎప్పటిలాగే కార్యాలయానికి ఫోన్ చేసింది.

"తాయారూ, చప్టా ఎలా ఉందమ్మా?"

"ఎండిపోయుంది టీచర్‌గారూ. మన గేదె కూడా దాటేసింది. మీరెళ్లండి."

అప్పటికి అరగంటగా నీళ్లు పెరుగుతున్నాయి. ఆ చిత్రాన్ని నేను పంపుతూనే ఉన్నాను. టీచరు వచ్చేసరికి చీలమండ లోతు. ఇప్పుడే కదా మొదలైంది, త్వరగా దాటేయవచ్చు అనుకుని ఉంటుంది. స్కూటరు దింపింది. సగం దాటిందో లేదో వాగు ఒక్కసారిగా పోటెత్తింది.

అంతా చూశాను. చూడటం తప్ప నాకు వేరే పని చేతకాదు.

మూడో రోజు ఫణీంద్ర మళ్లీ వచ్చాడు. వారం పడుతుందన్న పని భోజనాల వేళకే అయిపోయింది. ఆ సమయానికే మనుషులు వాగులోంచి స్కూటరును తాళ్లతో లాగుతున్నారు. టీచరు భర్త సోమశేఖరం నా స్తంభం మొదట్లో కూర్చుని ఉన్నాడు. ఫణీంద్ర ఫోన్‌లో నరసింగరావు గొంతు బయటికి వినిపించింది.

"వచ్చిందయ్యా, వచ్చింది! ఎంత బాగా కనిపిస్తోందో! బండి నంబరు కూడా చదవచ్చు!"

సోమశేఖరం తలెత్తి నా కంట్లోకి చూశాడు.

తెర మీద ఆ ముఖం పడగానే నరసింగరావు ఫోన్ పెట్టేశారు.