కడుపుమంటకు వామునీళ్లు

నేను ఒక టేపు చుట్టని. చుట్ట అనగానే అగ్గిపెట్టె వెతక్కండి. రేడియో స్టేషన్లో మాటలు దాచే చుట్టని. అయినా నన్ను కాల్చుకు తిన్నవాళ్లకేం తక్కువ లేదు లెండి.

నాలోకి మొట్టమొదట వచ్చిన గొంతు సామ్రాజ్యానిది. చీరాల దగ్గర పొగాకు కంపెనీలో ఆకు గ్రేడు చేసే మనిషి. పేరుకు సామ్రాజ్యం, ఏలుబడికి ఒక చాప. ఆడకూలీలు సమ్మె చేస్తే ముందు నిలబడింది ఆవిడే. ఎందుకు చేశారమ్మా అని స్టేషన్లో కార్యక్రమాలు చేసే సుభాషిణి గారు అడిగారు.

"కడుపుమంట తల్లీ. నేనేమో ఆకు తీస్తా ఉంటిని, గోడవతల బిడ్డ ఏడస్తా ఉండేది. లేస్తే మేస్త్రీ పనిలోంచి తీసేస్తానంటాడు. రైక తడిసి ఆకు మీద కారేది. నా పాలు పొగాకు తాగింది, నా బిడ్డ తాగలా."

పొగాకు తాగే మనుషులను చూశాను గానీ, పాలు తాగే పొగాకు సంగతి అప్పుడే విన్నాను.

పెద్దాఫీసరు విని చెవులు మూసుకున్నాడు. రైకలేమిటి, పాలేమిటి, ఇళ్లల్లో పెద్దమనుషులు వింటారు అన్నాడు. ఆ పెద్దమనుషులంతా నేరుగా కాఫీతోనే పెరిగినట్టు! ప్రసవం మాటెత్తితే ప్రసారం ఉండదన్నమాట. ఆ సాయంత్రం నా బదులు ఏం వేశారనుకున్నారు? తల్లిపాల విశిష్టత మీద ఒక మగ డాక్టరు గారి ప్రసంగం.

సుభాషిణి గారు నా అట్టపెట్టె మీద 'కడుపుమంట' అని రాసి, బదిలీ అయి వెళ్లిపోయారు. టేపులు సర్దే రంగనాయకులు అది చదివి, గడ్డం గోక్కుని, ఆరోగ్యం బీరువాలో అజీర్ణం అరలో పెట్టాడు. అర దొరికింది గానీ నాకు అరగలేదు. అటుపక్క వామునీళ్ల టేపు, ఇటుపక్క జీలకర్ర కషాయం టేపు. ఆడదాని ఆక్రోశానికి ఈ దేశంలో దొరికిన మందు అదీ!

ఏళ్లు గడిచాయి. పొగాకు ఘాటు సామ్రాజ్యం గొంతునే పట్టుకుంది. ఆపరేషన్ చేశారు, మాట పోయింది. ఇక ఆవిడ గొంతు ఉన్నది నా ఒక్కదానిలోనే. గోడవతల ఏడ్చిన ఆ బిడ్డ, కరుణ, తల్లిని వెంటబెట్టుకుని స్టేషనుకు వచ్చింది.

కొత్త ఆఫీసరు 'మహిళా ప్రముఖులు' బీరువా అంతా వెతికాడు. లేదన్నాడు. మీ అమ్మగారు ప్రముఖులు కారేమోనమ్మా అని కూడా అన్నాడు.

"రేడియోలో నా కడుపుమంట చెప్పుకున్నానే అనేది సార్, మాటున్నప్పుడు," అంది కరుణ.

"ముందే చెప్పొద్దా? గ్యాస్ ట్రబుల్ అవతల బీరువా."

అలా బయటపడ్డాను. మెషిన్ మీద ఎక్కించారు. తన గొంతు వినబడగానే సామ్రాజ్యం కుర్చీలో ముందుకు వంగింది. రైక దాకా వచ్చేసరికి ఆఫీసరు గారికి సిగ్గు ముంచుకొచ్చింది.

"గొంతు విన్నారు కదమ్మా, చాలు," అంటూ ఆపే మీట మీదికి చెయ్యి పోనిచ్చాడు.

సామ్రాజ్యం ఆ చెయ్యి పట్టుకుంది. ఆయన లాక్కోబోయాడు. వదల్లేదు. నేను తిరుగుతూనే ఉన్నాను, కరుణ వింటూనే ఉంది.