సక్కుబాయి కాచిన కషాయం

సక్కుబాయి పొయ్యి ముందు గొంతుకూర్చుని, నానబెట్టిన తుమ్మచెక్కను కచ్చాపచ్చాగా దంచి కుండలో వేసింది. పైన గుప్పెడు జామాకులు తుంచి పడేసింది. చెక్క దంచీ దంచీ ఆమె అరచేతులు ఇటుకరంగుకు తిరిగాయి. ఎడమ బుగ్గ కొంచెం ఉబ్బి ఉంది. ఎవరైనా అడిగితే తంబాకు పెట్టుకున్నానని నవ్వేది. నిజానికి నోరు మండిపోతుంటే తంబాకు మానేసి చాలా కాలమైంది.

రాళ్ళు కొట్టే మొగుడు పోయాక మాదాపూర్‌లో ఆమెకంటూ ఎవరూ లేరు. డెబ్భై ఒకటిలో మదీనాగూడ దగ్గర, బొంబాయి రోడ్డు పక్కన కామేశ్వరరావు డాక్టరు పళ్ళ దవాఖాన పెట్టిన నాటినుంచీ అక్కడ ఆయాగా ఉంది. గుట్టల్లోంచి చెక్క తెచ్చేదీ, కాచేదీ ఆమే. పన్ను పీకించుకున్న మర్నాడు వచ్చినవాళ్ళకు డాక్టరు ఆ కషాయం ఇప్పించేవాడు. చిగురు గట్టిపడి పుండు త్వరగా మానుతుందని ఆయన నమ్మకం. ఆమెకైతే అది నమ్మకం కూడా కాదు, కళ్ళారా చూస్తున్న సంగతి.

ఆమెకో పద్ధతి ఉంది. ముందు తానొక గుక్క నోట్లో పోసుకుని చూపిస్తే గాని ఎవరికీ గ్లాసు ఇవ్వదు. వగరుకు జడిసే పెద్దమనుషులు సైతం ఆమెను చూసి సిగ్గుపడి పుచ్చుకునేవారు.

ఆ రోజు కార్ఖానా క్వార్టర్ల నుంచి రాజరాజేశ్వరి వచ్చింది. నిన్న దవడపన్ను తీయించుకున్న మనిషి.

"బాగా మంట పుడుతుందాండీ?"

"మంట లేదు గింట లేదమ్మా. గట్టిగ పుక్కిలియ్యకు. జరసేపు నోట్ల పట్టుకోని వదిలెయ్యి. గిట్ల, సూడు."

చూపించి, పళ్ళెంలోకి వదిలింది. కషాయంతోపాటు నెత్తురు పడింది. రాజరాజేశ్వరి కెవ్వుమంది. సక్కుబాయి పళ్ళెం కొంగుచాటు చేసేలోపలే డాక్టరు లేచి వచ్చాడు.

సక్కుబాయిని పళ్ళు చూసే కుర్చీలో కూర్చోబెట్టాడు. ఎందరినో చెయ్యి పట్టి ఎక్కించిన ఆ కుర్చీలో ఆమె కూర్చోవడం అదే మొదటిసారి. పాపం, కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. డాక్టరు దీపం దగ్గరకు లాగి బుగ్గ లోపల చాలాసేపు చూశాడు.

"ఎన్నాళ్ళైంది సక్కుబాయీ?"

"బోనాల కాడినుంచి సార్."

"రోజూ నా ఎదురుగానే తిరుగుతున్నావు కదా! ఒక్క మాట చెప్పకూడదూ?"

"చెప్తె మీరేమిస్తరు సార్? నేను కాసిందే ఇస్తరు గద. పూటపూటకు నోట్ల పట్టుకుంటనే ఉన్న."

కామేశ్వరరావు చేతిలోని చిన్న అద్దం కింద పెట్టేశాడు.

"ఇది చిగురు పుండు కాదమ్మా. పెద్ద దవాఖానకు వెళ్ళాలి. నేనూ వస్తాను."

"ఇంకింత చిక్కగ కాస్తె మానదా సార్?"

ఆయన చేతులు కడుక్కుని గుమ్మం వైపు నడిచాడు. ఆమె రాజరాజేశ్వరికి గ్లాసు అందించి, పొయ్యి ఆర్పి, డాక్టరు వెంట బస్సెక్కింది.

పెద్ద దవాఖానలో క్యాన్సరని తేల్చి, పుండుకు కరెంటు, అంటే రేడియేషన్, పెట్టారు. చాలా ముదిరిపోయిందన్నారు. రాజరాజేశ్వరి చిగురు వారానికే మానింది. సక్కుబాయి ఉగాది రాకుండానే పోయింది.

ఆమె పోయాక, కషాయం కాచే వంటపాకకు సున్నం వేయిస్తుంటే, కట్టెల వెనక గుడ్డపేలిక కుక్కిన మందుసీసా ఒకటి బయటపడింది. డాక్టరు పేలిక తీసి వాసన చూశాడు, తుమ్మచెక్క. వంచి చూస్తే బొట్టు కూడా జారలేదు. బెల్లంపాకంలా గట్టిపడేదాకా కాచిన కషాయం సీసాలో ఇంకా సగం మిగిలి ఉంది.